పాత లెక్కలకు వేరు అరలు

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారులు సరుకును రెండు మాటలతో వేరుపరచుదురు. ఒకటి నాన్ ఏసీ, రెండవది ఏసీ. కల్లమునుండి నేరుగా యార్డునకు వచ్చిన సరుకు మొదటిది. శీతల గిడ్డంగిలో కొన్ని నెలలు నిలువ యుండి వచ్చినది రెండవది. ఫిబ్రవరి, మార్చి నెలలలో పల్నాటినుండియు, దర్శి, మార్కాపురము ప్రాంతములనుండియు టిక్కీలు ఒక్కసారిగా వచ్చిపడును. అన్నిటిని యార్డులోనే పెట్టుకొని కూర్చుండుటకు చోటు చాలదు. ధర నచ్చని రైతు తన టిక్కీలను గిడ్డంగికి తోలించి రసీదు పుచ్చుకొనును. అవసరమైనచో ఆ రసీదు మీద అప్పు పుట్టును. ధర వచ్చిన నాడు మచ్చు తెచ్చి చూపినచో బేరము కుదురును. సరుకు యార్డులో లేదు. అయినను యార్డులో ఉన్నట్లే లెక్క.

ఈనాటి మన విషయము మిర్చి కాదు. కచేరీలలోను, బ్యాంకులలోను, యార్డులలోను కంప్యూటరు లోపల పేరుకొని పోవుచున్న పాతలెక్కలను ఏమి చేయవలెననునది మన ప్రశ్న. అయినను, ఈ ఏసీ సరుకు సంగతి తెలిసినవారికి సగము విషయము ముందే తెలిసినట్లు.

డేటాబేసు అనగా గళ్లు గీసిన పెద్ద చిట్టాల సముదాయము. ఒక్కొక్క అడ్డవరుస ఒక్కొక్క సంగతిని చెప్పును. ఫలానా తేదీన, ఫలానా రైతు తెచ్చిన లాటు, ఇన్ని టిక్కీలు, ఇంత తూకము, ఇంత ధర, కొన్నవారు ఫలానా అని. ఒక యార్డులో దినమునకు 5,000 లాట్లు వచ్చుననియు, ఏడాదికి 200 దినములు వ్యాపారము సాగుననియు అనుకొందము. సంవత్సరమునకు 10 లక్షల వరుసలు. ఇరువది ఏండ్లకు 2 కోట్లు. కంప్యూటరునకు 2 కోట్ల వరుసలు మోయరాని బరువేమియు కాదు. కాని దినమునకు వేయిసార్లు అడుగబడు ప్రశ్నలన్నియు నేటి లాట్లను గురించినవో, మొన్నటి లాట్లను గురించినవో అయియుండును. ఇరువది ఏండ్లనాటి లాటును ఎవరో ఒకరు ఏడాదికొకసారి అడుగుదురు. ఆ ఒక్కని కొరకు, తక్కిన వారందరును ప్రతిసారి 2 కోట్ల వరుసల సూచిక గుండా నడువవలసి వచ్చును. రాత్రిపూట తీయు నకలు కూడ ఏటేట పొడుగగుచుండును. మొదట అరగంటలో ముగిసిన నకలు తెల్లవారినను ముగియని దినము వచ్చును.

అపుడు ఆఫీసులో ఎవరో ఒకరు, "పదేండ్లకు పూర్వపువి తీసివేసినచో పోలేదా?" అందురు. ఈ మాట వినుటకు సులభముగా ఉండును. ఏ లెక్క ఎంతకాలము పనికివచ్చునో ఆ లెక్క వ్రాసినవాడు ఎరుగడు. మన మెట్టప్రాంతములలో ఈ సంగతి మాటవరుసకు చెప్పునది కాదు.

భూమి లెక్కలను చూడుడు. స్వాధీనమును కోరు వ్యాజ్యమునకు 1963 నాటి కాలపరిమితి చట్టము 12 ఏండ్లు గడువిచ్చినది. ప్రభుత్వము వేయు దావాకు 30 ఏండ్లు. ముప్పది ఏండ్లు నిండి, తగిన చోటినుండి వచ్చిన పత్రమును అసలైనదిగా భావించుటకు సాక్ష్యచట్టము వీలు కల్పించినది. 1872 నాటి చట్టమునకు బదులు 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము కూడ ఆ నియమమును నిలిపినది. అనగా పత్రమునకు వయస్సు వచ్చినకొలది బలము తగ్గదు, పెరుగును.

ఇక చుక్కల భూముల మాట. రీసెటిల్మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు వ్రాయవలసిన గడిలో, పేరు తేలనపుడు, నాటి ఉద్యోగులు చుక్కలు పెట్టి విడిచిరి. దాదాపు నూరేండ్ల తరువాత ఆ చుక్కలే రైతుల మెడకు చుట్టుకొనినవి. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింద అట్టి భూములు నిషేధపు జాబితాలో చేరుటచే, తాతలనాటినుండి దున్నుకొనుచున్నవారు కూడ అమ్ముకొనలేక, తాకట్టు పెట్టలేక పోయిరి. ప్రకాశము, గుంటూరు మెట్టలలో ఈ బాధ పడిన కుటుంబములు అనేకము. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టము చేసి, 12 ఏండ్ల అనుభవము చూపగలిగినవారికి ఆ గడిలో పేరు వ్రాయించుకొను మార్గము తెరచినది. అనుభవమును చూపుట యెట్లు? పాత అడంగలుతో, పాత శిస్తు రసీదుతో, పాత దస్తావేజుతో. ఆ అడంగలు దొరికినవాని చేను చేనైనది. దొరకనివాని చేనులో చుక్కలు చుక్కలుగానే మిగిలినవి.

అసైన్డు భూములలో ఒక్క తేదీయే తగవు తీర్చును. ఆంధ్రప్రాంతములో 1954 జూన్ 18కి పూర్వము ఇచ్చిన పట్టాలకు, సామాన్యముగా, అమ్మరాదను షరతు లేదు. తరువాత ఇచ్చినవానికి కలదు. డెబ్బది ఏండ్లు దాటిన ఆ కాగితముపై తేదీ మేలో పడినదా జూలైలో పడినదా అనుదానిని బట్టి, ఒక కుటుంబమునకు మూడెకరముల మీద హక్కు వేరగును. దీనిని "పదేండ్లకు పూర్వపుది" అని తీసివేయదగునా?

తీసివేయరాదనుకొన్నవారు రెండవ దారి తొక్కుదురు. పాతలెక్కలను ఒక టేపుమీదికో డిస్కుమీదికో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళము వేయుదురు. ఇది నశింపజేయుట కాదు, నిజమే. కాని దాచుట వేరు, దొరకుట వేరు. రేడియోవారికి ఈ సంగతి క్రొత్త కాదు. పెట్టెపై ప్రసారపు తేదీ లేని టేపులో ఎంత గొప్ప కంఠమున్నను, అది ఉన్నట్లు ఎవరికిని తెలియదు. బీరువాలోని డిస్కును చదువగల యంత్రము పదేండ్లకు బజారులో దొరకదు. అర్జీదారుడు వచ్చినపుడు గుమాస్తా "రికార్డు లేదు" అని వ్రాసి పంపును. రికార్డు ఉన్నది. అడిగినవానికి మాత్రము లేదు.

మూడవ దారియే అరలుగా విభజించుట. ఇంజనీర్లు దీనిని పార్టిషనింగు అందురు. మాటకు భయపడ నక్కరలేదు. మన గ్రామకరణములు ఈ పద్ధతిని తరతరములు నడపిరి. అడంగలును ప్రతి ఫసలీకి వేరుగా వ్రాసెడివారు. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. క్రీస్తు సంవత్సరమునుండి 590 తీసివేసినచో ఫసలీ వచ్చును. 2025 జూలై 1న మొదలైనది 1435. జమాబందీ ముగిసిన వెనుక ఆ ఏటి లెక్క మారదు. దానిని కట్టగట్టి పెట్టెలో పెట్టి, క్రొత్త ఫసలీకి క్రొత్త పుస్తకము తెరచెడివారు. "1370 ఫసలీలో ఈ చేనిలో ఏమి వేసిరి?" అని అడిగినచో కరణము పెట్టెలోని కట్టలన్నియు విప్పడు. 1370 కట్ట ఒక్కటే తీయును. తక్కిన కట్టల వంక చూడనైనను చూడడు.

కంప్యూటరు చేయునదియు ఇదియే. బయటనుండి చూచువానికి ఒకే చిట్టా కనిపించును. లోపల అది ఏటికొక అరగా విడిపోయి యుండును. క్రొత్త వరుస వచ్చినపుడు దాని తేదీని చూచి, ఏ అరలో చేరవలెనో డేటాబేసే నిర్ణయించును. తేదీతో కూడిన ప్రశ్న వచ్చినపుడు సంబంధము లేని అరలను ముందే త్రోసివేసి, కావలసిన అరలోనే వెదకును. తేదీ చెప్పక ప్రశ్న వేసినచో మాత్రము అన్ని అరలును తెరువవలసినదే. కరణమును "ఎప్పుడో ఒకప్పుడు మా తాత ఇక్కడ ప్రత్తి వేసెను, చూడుము" అని అడిగినట్లుండును.

పట్టికలుగా లెక్కలను అమర్చు సిద్ధాంతమును కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించెను. అరల ఏర్పాటు వ్యాపారరంగములో ఒరాకిల్ వారి డేటాబేసులో 1997లోను, ఉచితముగా లభించు మైఎస్‌క్యూఎల్‌లో 2008లోను, పోస్ట్‌గ్రెస్‌లో నేటి రూపమున 2017లోను వచ్చినది. ఇప్పుడు ఒక చిన్న సహకారసంఘము కూడ పైసా ఖర్చు లేక ఈ సాధనమును వాడుకొనవచ్చును.

పాత అరను తొలగించుట ఎట్లు జరుగునో తెలిసినచో దీని సౌకర్యము తేటపడును. ఒకే పెద్ద చిట్టాలో పది లక్షల వరుసలను తుడిచివేయుట ఒక్కొక్క వరుసను గీత కొట్టుట వంటిది. ప్రతి గీతకు ఒక నమోదు, ప్రతి సూచికలోను ఒక దిద్దుబాటు. గంటలు పట్టును. ఆ సమయమున కాటావద్ద లాట్లు ఆగవచ్చును. ఇంతచేసినను కాగితము తిరిగి రాదు, గీతలతో నిండిన పుటలు అట్లే యుండును. అర వేరుగా ఉన్నపుడు ఇట్టి కష్టము లేదు. డేటాబేసు తన జాబితాలో "ఈ అర ఇకమీదట ఈ చిట్టాకు చేరినది కాదు" అని వ్రాసికొనును. లోపలి వరుసలలో ఒక్కటియు కదలదు. పని క్షణములలో ముగియును. విడదీసిన అర స్వతంత్రమైన చిట్టాగా, తన పేరుతో, తన సూచికతో నిలిచియుండును. దానిని తక్కువ వెలగల డిస్కుమీదికి మార్చవచ్చును. ఎవరును దిద్దకుండ చదువుటకు మాత్రమే అనుమతించవచ్చును. కావలసినపుడు మరల తగిలించవచ్చును. లేదా పాతవానిని క్రొత్తవానిని కలిపి చూపు ఒక కిటికీని కట్టి, విచారణ గుమాస్తాకు ఆ కిటికీ చూపవచ్చును. అతడు వేచియుండునది ఒక నిమిషము ఎక్కువ కావచ్చును. "లేదు" అను మాట మాత్రము వినడు.

మారని అరకు నకలు ఒక్కసారి తీసి సరిచూచిన చాలును. రాత్రి నకలులో నడుచుచున్న ఏటి అర ఒక్కటే చేరును. ఆ నకలును అదే భవనములో పెట్టుట మాత్రము మేము మెచ్చము. 1977 నవంబరు 19 నాటి తుపానును ఎరిగిన రేపల్లె, బాపట్ల వారికి దీనికి కారణము చెప్పనక్కరలేదు.

ఇంతవరకు యంత్రము పని. అసలు కష్టమంతయు అరలను దేనినిబట్టి కట్టవలెనను నిర్ణయములో ఉన్నది. ఇది మనుష్యులు ఆలోచించి చేయవలసినది. తొందరపడినచో ఇరువదియేండ్లు అనుభవింపవలసి వచ్చును.

జిల్లాను బట్టి అరలు కట్టినచో బాగుండునని తోచును. మన ప్రాంతము మాట చూడుడు. గుంటూరు జిల్లా ఒకప్పుడు ఉండి, 1859లో రద్దయి, 1904లో మరల పుట్టినది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరునుండి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతములు, నెల్లూరునుండి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలునుండి మార్కాపురము, గిద్దలూరు విడిపోయి ఒంగోలు జిల్లా ఏర్పడినది. 1972లో దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, పల్నాడు జిల్లాలు వెలసినవి. చీరాల, పుట్టినచోటనే యుండి, గుంటూరు జిల్లానుండి ప్రకాశమునకు, ప్రకాశమునుండి బాపట్లకు ప్రయాణము చేసినది. కందుకూరు నెల్లూరునుండి ప్రకాశమునకు పోయి, 2022లో తిరిగి నెల్లూరునకు వచ్చినది. జిల్లాను బట్టి కట్టిన అరలను ఇట్టి ప్రతి మార్పునకు విప్పి మరల సర్దవలెను. పాత లెక్కను క్రొత్త జిల్లా అరలోనికి మార్చవలెనా, పాతదానిలోనే ఉంచవలెనా అను వాదము తెగదు. తేదీకి ఈ బాధ లేదు. 1968 మే 3, ఎన్ని జిల్లాలు వచ్చినను, 1968 మే 3గానే యుండును. కావున అర తేదీని బట్టి యుండవలెననియు, జిల్లా పేరు వరుసలోపల ఒక గడిగా నిలువవలెననియు మా అభిప్రాయము.

తేదీ అనుకొన్నంతమాత్రమున తగవు తీరదు. ఏ సంవత్సరము? ఖజానావారి ఏడు ఏప్రిల్ 1న మొదలగును. రెవెన్యూ ఫసలీ జూలై 1న. ప్రత్తి వ్యాపారుల ఏడు అక్టోబరు 1న. సంవత్సరపు కత్తి పంటను నడుమకు కోయరాదు. మార్చి 31న గీత గీసినచో మిర్చి రాబడి ముమ్మరముగా ఉన్నపుడే అర మారును. ప్రత్తి లెక్కకు అక్టోబరు 1, అడంగలుకు జూలై 1 సహజములు. మిర్చికి పాతపంట అమ్మకము సన్నగిల్లి, క్రొత్తపంట ఇంకను రాని నెలను ఎన్నుకొనుట మేలు.

మరియొక చిక్కు కలదు. మార్చిలో వచ్చిన లాటు గిడ్డంగిలో కూర్చుండి నవంబరులో అమ్ముడుపోవును. ఒక్కొక్కప్పుడు మరుసటి ఏటికి గూడ పోవును. దాని లెక్క వచ్చిన తేదీని బట్టి ఉండవలెనా, అమ్మిన తేదీని బట్టి ఉండవలెనా? అమ్మిన తేదీ మొదట ఖాళీగా ఉండును. ఖాళీ గడిని బట్టి అర కట్టుట తెలివి కాదు. వచ్చిన తేదీని బట్టియే కట్టవలెను. అట్లు కట్టినపుడు, పాత అరను విడదీయుటకు ముందు దానిలో తేలని లాటు ఒక్కటైనను ఉన్నదేమో చూడవలెను. బేరము తెగని లాటు, డబ్బు ముట్టని రైతు, తీరని అప్పు, ఇవి ఎంత పాతవైనను జీవించియున్న లెక్కలే. వయస్సును మాత్రమే చూచి అరను తాళము వేయువాడు, బాకీ ఉన్న రైతును గూడ లోపల పెట్టి తాళము వేసినవాడగును.

చిన్న జాగ్రత్త ఒకటి చెప్పి ముందుకు పోదము. రాబోవు ఏటి అరను ముందుగా తెరచి యుంచవలెను. మరచినచో క్రొత్త ఏడు మొదటి దినమున ఉదయము వచ్చిన మొదటి వరుసకే డేటాబేసు "దీనికి అర లేదు" అని త్రిప్పికొట్టును. అప్పటికి కాటావద్ద బండ్లు బారులు తీరియుండును.

పాత అర దొరికినను చదువుటకు రావలెను గదా. మన దేశములో 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూకములు మొదలైనవి. అంతకుపూర్వపు కాగితములలో మణుగులు, పుట్లు కనబడును. ప్రత్తి దూదికి నేటికిని 356 కిలోల కేండీ లెక్క నడుచుచున్నది. "40" అను అంకె ప్రక్కన అది మణుగులో, కిలోలో, టిక్కీలో వ్రాయనిచో ముప్పది ఏండ్లకు దానికి అర్థముండదు. తెలుగు అక్షరములకును ఇదే గతి. యూనికోడులో తెలుగు 1991లోనే చేరినను, తరువాత చాలకాలము ఆఫీసులలో ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క సంకేతపద్ధతితో టైపు చేసిరి. ఆ ఫాంటు పోయిన నాడు రైతు పేరు పిచ్చిగీతలుగా మారును. అరను మూయుటకు ముందు దానిని యూనికోడులోనికి మార్చి మూయవలెను. సర్వేనెంబర్ల సంగతి మరింత సున్నితము. 2020 డిసెంబరులో మొదలైన పునఃసర్వే జరిగిన గ్రామములలో పాత సర్వేనెంబర్లకు బదులు క్రొత్త భూభాగపు నెంబర్లు వచ్చినవి. పాత నెంబరు ఏ క్రొత్త నెంబరైనదో తెలుపు పట్టిక ఎన్నడును మూతపడని అరలో ఉండవలెను. అది లేనిచో పాత అరలన్నియు తాళపుచెవి పోయిన పెట్టెలే.

కాగితమునుండి యంత్రములోనికి వచ్చిన హద్దు మన రాష్ట్రమున ఎక్కడ ఉన్నదో శ్రోతలు తెలిసికొనియుండుట మంచిది. గ్రామములలో కరణము పదవి 1984లో రద్దయినపుడు లెక్కలు చేతులు మారినవి. అన్ని గ్రామములలోను అన్ని కట్టలును క్షేమముగా చేరినవని ఎవరును చెప్పలేరు. అడంగలు, 1-బి ప్రజలకు ఇంటర్నెట్టులో కనబడునట్లు చేసిన మీ భూమి 2015లో వచ్చినది. రిజిస్ట్రేషను ఆఫీసులలో కంప్యూటర్లు 1998లో కార్డు పథకముతో ప్రవేశించినవి. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, మనవారు ఈసీ అనునది, 1983 జనవరి 1 నుండి కంప్యూటరులో వెదకుటకు వీలున్నది. అంతకుపూర్వపు వ్యవహారములకు పుస్తకములే గతి.

ఆ పుస్తకములకు గూడ అరలు కలవు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకములో ఎక్కును. దానికి మనుష్యుల పేర్లను బట్టి ఒక సూచిక, ఆస్తిని బట్టి మరియొక సూచిక ఉండును. రుసుము చెల్లించి వీనిని ఎవరైనను చూడవచ్చును. 1983కు పూర్వపు నకలు కావలసినవారు గ్రామము పేరు, పాత సర్వేనెంబరు, నాలుగు హద్దులు, వ్రాసియిచ్చినవారి పేరు, పుచ్చుకొన్నవారి పేరు, సుమారు సంవత్సరము వ్రాసి తీసికొని పోవలెను. ఆ సంవత్సరమున తమ గ్రామము ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉండెనో ఊరిలో పెద్దలను అడిగి ముందుగా తెలిసికొన్నచో, ఒక ఆఫీసునుండి మరియొక ఆఫీసునకు తిరుగు ప్రయాస తప్పును.